అతుకుడు

కొత్తవాడ సంఘం ఆఫీసుల
ఇనుప బీరువా పక్కన మ్యాక్ ఉంటది.
పాతదే. కాజీపేట ఫోటోగ్రాఫర్ అమ్ముకుంటే కొన్నం.
ఒక మూలకు సొట్ట,
కీల సందుల్ల ఎంత ఊదినా పోని నూలు దుమ్ము.

నాకు విండోస్ మీద చెయ్యి తిరిగింది.
అక్కడ ఒకే పేరున్న ఫోల్డర్లు రెండు కలిస్తే
పాతోళ్లు జరుగుతరు, కొత్తోళ్లు పక్కన కూసుంటరు.
ఇక్కడ అట్ల కాదు.
ఇక్కడ రీప్లేస్ అంటే
వచ్చినోళ్లకు ఇల్లిచ్చి
ఉన్నోళ్లను గడప దాటిచ్చుడు.
ఎవ్వరు చెప్పలేదని చాన రోజులు అనుకున్న.
చెప్పింది. అదే చెప్పింది, పెట్టె కట్టి మరీ.
నేనే చదువలే.

మొదటేడు, వానకాలం.
హైదరాబాద్ నుంచి సరిచేసిన అంచులు వచ్చినయి, మూడు.
మా "అంచులు" ఫోల్డర్ల నలభై ఒకటి.
గుంజిన. అడిగింది. సరే అన్న.
మూడే మిగిలినయి.

అవన్నీ ఆడెపు సారంగపాణి మామ గీసినయి,
గ్రాఫ్ కాయితం మీద, గడికొక పోగు లెక్కన.
కాయితాలను ఎన్నడో చెదలు తిన్నయి.
మామ మగ్గం కాడికి పోయి
చప్పుడు ఆగేదాక నిలబడ్డ.
చెప్పిన.
తిట్టలే. కండె పక్కకు పెట్టి
"ముప్పై ఎనిమిది" అన్నడు, అప్పు రాసుకున్నట్టు.

తెల్లారి నుంచి ఇల్లిల్లు తిరిగినం.
గిర్మాజీపేటల ఒక ముసలామె మంచం మీది జంపఖానా,
మండిబజార్ల ఒక దర్జీ కూసున్న జంపఖానా,
ఆయన లేవలే; లేవకుండనే అంచు చూపెట్టిండు.
కాశిబుగ్గల టెంట్‌హౌస్ గోదాముల
ఎలకలు కొరికినయి పదకొండు.
గుండుసూదితోని మామ పోగులు లెక్కవెట్టుడు,
నేను గడులు నింపుడు.
ముప్పై ఏడు దొరికినయి.
"చీమలబారు" దొరకలే.
గీయమంటే మామ పెన్సిల్ పట్టుకొని
చాన సేపు కూసున్నడు.
"కాళ్లకు యాదికున్నది, చేతికి లేదు" అన్నడు.

మొన్న మళ్ల వచ్చింది ఒక ఫోల్డర్.
పేరు "చిలకలు". లోపల ఆరు.
మా చిలకలు నూటపన్నెండు.

ఈసారి ముందుగాల
మొత్తం చిలకలను హార్డ్ డిస్క్‌ల దాచిన,
దాచినయి తెరుచుకుంటున్నయా, చూసిన.
వచ్చిన ఆరింట్ల మా పేర్లే ఉన్నయి రెండు.
అవి మీద పడితే కిందియి పోతయి గదా,
మా రెండిటిని "పాతయి" అని వేరే పెట్టిన.
అప్పుడు ఎడమచేతితోని ఆప్షన్ కీ ఒత్తిపట్టి,
వదలకుండ,
కుడిచేతితోని మెల్లగ గుంజిన.
ఎన్నడు కండ్లవడని మాట
అప్పుడు బయటికొచ్చింది: మెర్జ్.

"ఏం జేస్తున్నవ్, రాణీ?"
మామ ఎప్పుడొచ్చిండో, భుజం మీదికి వంగిండు.
ఇంగ్లీషు మాటకు తెలుగు వెతుక్కున్న.
"అతుకుతున్న మామా. అచ్చు అతికినట్టు."

నవ్విండు. ఇగ నాకే చెప్పవట్టిండు:
పడుగు ఒడిసినా అచ్చుల కొసలు గుంజెయ్యద్దు,
గుంజితే మళ్ల నింపేతందుకు రెండు దినాలు.
కొసకు కొస, బూడిద అద్దిన వేళ్లతోని
ఒక్కొక్కటే మెలివెట్టాలె.
పన్నెండు వందల పోగులుంటే
పన్నెండు వందల సార్లు.
"తొందరవడ్డోడు సాలోడు కాడు" అన్నడు,
నేను తలకాయ ఎత్తలే.

లెక్కవెట్టిన. నూటపదహారు.
ఇంకోసారి లెక్కవెట్టిన.
మామ కూడ తెర మీద వేలు వెట్టి లెక్కవెట్టిండు,
తెర మీద మరక పడ్డది, తుడువలే.

పోయేటప్పుడు "అంచులు" తెరువుమన్నడు.
నలభై ఒకటీ ఉన్నట్టే కనవడ్డయి.
చివరిది నొక్కిండు.
తెల్లటి గడులు, ఒట్టియి.
పేరు మాత్రం రాసిపెట్టిన: చీమలబారు.
ప్రతి కాపీల దాన్ని గూడ మోస్త.

"ఉండనియ్యి" అన్నడు మామ,
చెప్పులు వెతుక్కుంట.